నాలుగింటి ఆకలి

అచ్చాయమ్మకు ఆ సాయంత్రం తినాలనిపించిన వస్తువు పేరేమిటో ఆమెకు తెలియదు. ఆ మాటకొస్తే డెబ్భై ఏళ్ల బతుకులో దాన్ని ఆమె ఎన్నడూ చూడనైనా లేదు.

"గుండ్రంగా ఉంటదో, పలకగా ఉంటదో నాకు తెలీదే అమ్మాయ్. పైనంతా పొరలు పొరలుగా విరుగుద్ది. లోపల కొబ్బరికోరు, పంచదార. మధ్యమధ్యలో జిగురుగా ఏదో పళ్లకి తగులుద్ది," అంది మంచం మీద లేచి కూర్చుని, కనపడని ముక్కనేదో నలుపుతున్నట్టు రెండు వేళ్లు రాసుకుంటూ.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కుసుమ చేతిలో పళ్లెం పక్కన పెట్టేసి గోడకు ఆనుకుంది. ఆ వస్తువేమిటో ఆమెకు తెలుసు. దాన్ని దిల్‌పసంద్ అంటారు. అనంతపురంలో తను చదివిన కాలేజీ ఎదురుగా ఉన్న బేకరీలో, సరిగ్గా క్లాసులు వదిలే వేళకి పెద్ద రేకు పళ్లెంలో బయటికి వచ్చేది. వేడివేడిగా ముక్కలు కోసి కాగితంలో పెట్టి ఇచ్చేవాళ్లు. పెళ్లయి కాకినాడ వచ్చాక దాని రుచే చూడలేదు. కాసేపటి క్రితం బియ్యం కడుగుతుంటే ఎందుకో అది గుర్తొచ్చి, నోరంతా నీళ్లూరి, ప్రాణం అటే లాగింది. ఆ తర్వాత ఎవరో దీపం వత్తి తగ్గించినట్టు ఆ కోరిక మెల్లగా అణిగిపోయింది. అణిగిన కోరిక ఏ దారిన పోయి ఎక్కడ తేలిందో ఇప్పుడు అర్థమయింది.

"మీకు ఆకలేస్తోందా అత్తయ్యా?" అని మాత్రం అడగగలిగింది.

అచ్చాయమ్మ చాలాకాలానికి ఎదురుపడ్డ మనిషిని పోల్చుకోవడానికి చూస్తున్నదానిలా మొహం పెట్టింది.

"ఆకలే అనుకుంటానే," అంది చివరికి. "మర్చిపోయేను గానీ, ఇదే."

ఆమె ఆకలి పోయింది వర్షాకాలం మొదట్లో. విషజ్వరం వచ్చి ఆస్పత్రిలో పడింది. జ్వరం తగ్గింది, రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు, మనిషి ఇంటికి వచ్చింది. ఆకలి మాత్రం ఆమెతో రాలేదు. అన్నం చూస్తే వెగటూ లేదు, ఇష్టమూ లేదు. గోడను చూసినట్టు చూసేది. కొడుకు వీరభద్రం పోర్టులో షిఫ్టు దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుని ముద్దలు కలిపి పెడితే, నొప్పించడం ఇష్టంలేక రెండు మింగి, చాలురా నాన్నా అనేది. ఆస్పత్రిలో మందులు మార్చి మార్చి చూశారు. ఇంకాస్త తూకం తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాల్సి వస్తుందని చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి వీరభద్రం ఇంట్లో పెద్దగా మాట్లాడటం మానేశాడు.

కుసుమ బాధ దీనికి సరిగ్గా తిరగేసినది. నలభై దాటాక ఆమె ఒళ్లు పెరిగింది, కాలేయం చుట్టూ కొవ్వు చేరిందన్నారు. మోచేతుల దగ్గర ఎర్రటి దద్దుర్లు, పాలు తాగితే కడుపుబ్బరం, చపాతీ తింటే మర్నాటి దాకా మంటలు. పరీక్షలు చేసి, పాలూ గోధుమా రెండూ నీకు పడవు, మానేయమన్నారు, బరువు తగ్గమన్నారు. కుసుమ ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. అన్నం కొలిచి తినేది, బీచి రోడ్డు దాకా నడిచి వచ్చేది. ఆమె సమస్యల్లా సాయంత్రం నాలుగింటితో. ఆ వేళకి ఏమవుతుందో, చేతులు వాటంతట అవే డబ్బాల మూతలు తీసేవి. పొద్దుటి నుంచీ పాటించిన పథ్యమంతా రెండు క్రీమ్ బన్నుల్లో కొట్టుకుపోయేది. ఆ రాత్రంతా కడుపుమంటతో, తన మీద తనకే కోపంతో పొర్లేది.

ఆ నాలుగింటి కోరికను తగ్గించే పరిశోధన ఒకటి ఊరి చివర, సముద్రం వైపు వెళ్లే రోడ్డులో జరుగుతోందని తెలిసి కుసుమ అక్కడికి వెళ్లింది. అత్తగారిని ఒంటరిగా వదల్లేక వెంట తీసుకువెళ్లింది. ఆ పరిశోధన చేస్తున్న డాక్టర్ ఫరీదా ఇద్దరికీ టీ, బిస్కెట్లు తెప్పించింది. పాలు కలిపిన టీ కుసుమ ముట్టుకోకూడదు. అయినా ఆమె కళ్లు బిస్కెట్ల పళ్లెం మీదే ఉన్నాయి. ఆ పళ్లెం అచ్చాయమ్మ చేతికి దగ్గరగానే ఉంది, ఆమె మాత్రం కిటికీలోంచి సరుగుడు చెట్లను చూస్తోంది. ఫరీదా కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"మీ దగ్గర ఉండకూడనిది ఆవిడ దగ్గర లేదు కదండీ," అంది.

మొదట్లో ఫరీదా చేస్తున్న పని వేరు. చెవి వెనక గోరంత బిళ్ల ఒకటి అతికిస్తుంది. కడుపునీ మెదడునీ కలిపే నరం మీద కోరిక కదలగానే అది పసిగట్టి, మెల్లగా అణచేస్తుంది. అణచడానికి ముందు ఆ కదలికను పూర్తిగా చదవాలి కాబట్టి, చదివినదాన్ని ఇంకొకరి బిళ్లకు అందిస్తే ఏమవుతుందన్నది ఆ రోజు పుట్టిన ఆలోచన. అనుమతులవీ వచ్చేసరికి దసరా అయింది. ఇద్దరికీ బిళ్లలు అతికిస్తూ ఫరీదా, ఇవి తన చేత్తోనే తీయాలని, లాగితే చర్మం ఊడుతుందని హెచ్చరించింది.

"అటు నుంచి నాకేమీ రాదా?" అని అడిగింది కుసుమ.

"గట్టు వేశాం. గట్టన్నాక కాస్త ఊట ఉంటుందనుకోండి. కానీ రావడానికి ఆవిడలో ఏముందని?"

ఆ మాట నిజమే అనిపించి కుసుమ దాన్ని మర్చిపోయింది.

దిల్‌పసంద్ కాకినాడలో ఎక్కడా దొరకలేదు. ఆ సాయంత్రం వీరభద్రం మూడు బేకరీలు తిరిగి, దానికి కాస్త దగ్గరగా ఉందని కొబ్బరి బన్ను తెచ్చాడు. అచ్చాయమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని తినడం చూసి, చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి హాల్లోనే నిలబడిపోయాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. మూడున్నర దాటేసరికి కుసుమకు కోరిక లేచేది. కాసేపు గిజగిజలాడి అది అణిగేది. పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినపడేది. ఒకరోజు ఎగ్ పఫ్ కావాలనేది, ఒకరోజు చాక్లెట్ పూసిన ఐస్‌క్రీమ్. అదేదో కరకరమని, ఉప్పగా, నాలిక మీద గరుగ్గా ఉండేది అని ఒకరోజు అడిగితే, చిప్స్ అని తేలింది. ఆ వేళ లేచిన ఆకలి కొసరు రాత్రి అన్నానికి కూడా మిగిలేది. జన్మలో ఇలాంటివి ఎరగని మనిషి వీటన్నిటినీ ఒక్కొక్కటే పరిచయం చేసుకుంటుంటే వీరభద్రానికి మళ్లీ మాటలొచ్చాయి. మా ఇంట్లో నోరొకరిది, కడుపొకరిది అని పోర్టులో చెప్పుకుని నవ్వేవాడట. చలికాలం వచ్చేసరికి అచ్చాయమ్మ బుగ్గలు పూడాయి, నడుం కట్టుకుని వంటింట్లో నిలబడగలిగింది. కుసుమ జాకెట్లు వదులయ్యాయి. మోచేతుల మీద దద్దుర్లు మాని, చర్మం నున్నగా మెరిసింది.

ఒక్క ఇబ్బంది మాత్రం రోజూ జరిగేది. ఏది తెచ్చినా అచ్చాయమ్మ మొదటి ముక్క తుంచి కోడలి వైపు చాపేది. అది ఆమె చేతికి అలవాటు. రైల్లో టిఫిన్ డబ్బా తెరిస్తే ఎదుటి సీటువాళ్లకు పెట్టకుండా మూత కింద పెట్టేది కాదు. వీధిలో ఎవరైనా ఆగి చూస్తే, వాళ్ల చేతిలో ఇంత పెట్టాకే తను నోట్లో వేసుకునేది. ఆశగా చూసే మనిషికి పెట్టకుండా తిన్నది అరగదని ఆమె నమ్మకం. "నాకు పడదు కదా అత్తయ్యా," అనేది కుసుమ. ముక్క పట్టుకున్న చెయ్యి కాసేపు గాల్లో ఉండి, మెల్లగా వెనక్కి పోయేది.

ఓపిక వచ్చాక అచ్చాయమ్మ ఒక పని పట్టుబట్టి తీసుకుంది. పొద్దున్నే కోడలికి రాగిజావ తనే కాస్తానంది. నాకు ఇంత చేస్తున్నావు, ఆ మాత్రం చెయ్యనీ అంది. కుసుమ ఒప్పుకుంది.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒకనాడు ఫరీదా తెర మీది గీతలు చూపించి, మీ కోరికలు బాగా పలచబడ్డాయండీ, బిళ్ల లేకపోయినా ఇక తట్టుకోగలరు అని సంబరంగా చెప్పింది. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఫలితం అది. కుసుమ నవ్వబోయి ఆగిపోయింది. అది చూసి ఫరీదా మొహంలో సంబరం కూడా తగ్గింది. ఇద్దరూ ఒకేసారి అద్దం అవతల వరండాలో కూర్చున్న అచ్చాయమ్మను చూశారు.

"ఇప్పటికే తగ్గించేశారు. నిన్న సగం పఫ్ వదిలేశారు," అంది కుసుమ.

కుసుమది కాక వేరొకరి ఆకలిని ఇచ్చినా అచ్చాయమ్మకు సరిపోతుందా అని ఫరీదా ఇంకెన్నో కుటుంబాలలో చూడాల్సి ఉంది. ఇప్పటికి మాత్రం ఆమె దగ్గర ఉన్నది కుసుమ ఒక్కతే.

ఆ తర్వాత కుసుమ చేసినవి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఇన్నేళ్లూ బేకరీ కనపడితే తల తిప్పుకుని నడిచిన మనిషి, ఇప్పుడు సాయంత్రం పూట పనిగట్టుకుని వెళ్లి అద్దాల ముందు నిలబడేది. కొట్టతను ఏం కావాలమ్మా అని అడిగితే చూస్తున్నానండీ అనేది. బన్నుల ట్రే బయటికి వచ్చేదాకా ఆగి, ఆ వాసన గుండెనిండా పీల్చేది. ఏమీ జరిగేది కాదు. బన్ను బన్నులా ఉండేది. ఇంట్లో నూనె కాచి జంతికలు వేసి, ఆ మరుగు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. చెమట పట్టింది తప్ప నోరూరలేదు. పిలిస్తే రాదని తెలుసుకున్నాక, అది ఎప్పుడు వచ్చేదో గుర్తు తెచ్చుకుంది. బాగా అలిసిపోయిన రోజు వచ్చేది. ఎవరైనా మాట అన్న రోజు వచ్చేది. మధ్యాహ్నం సరిగ్గా తినని రోజు తప్పకుండా వచ్చేది. దాంతో మధ్యాహ్నం భోజనం మానేయడం మొదలుపెట్టింది. అవసరం లేకపోయినా దుప్పట్లన్నీ చేత్తో ఉతికింది. చిన్న కోరిక ఏదైనా కదిలితే, దాన్ని గాలికి ఆరిపోకుండా అరచేతులు అడ్డుపెట్టుకున్న దీపంలా కాపాడుకుంటూ గోడ అవతల చప్పుడు కోసం చెవులు రిక్కించేది. కొన్నిసార్లు అత్తగారి గొంతు వినపడేది. చాలాసార్లు వినపడేది కాదు.

ఇంత చేస్తుంటే మరోపక్క పాత బాధలు తిరిగి వచ్చాయి. కడుపు ఉబ్బడం, మోచేతుల మీద మళ్లీ ఎరుపు. తూకం దిగడం ఆగిపోయింది. ఫరీదా ఈసారి పరీక్ష చేసి, కాస్త మొహమాటపడి అడిగింది.

"కుసుమగారూ, పొద్దున పూట పాలు గానీ, మైదా గానీ తింటున్నారా? ఒక్కోసారి మనకు తెలియకుండానే తినేస్తాం. చెప్పినా ఏమనుకోను."

కుసుమ మొహం ఎర్రబడింది. ఆకలితో మాడుతూ, ఆకలినే పెంచుకోవాలని తను పడుతున్న పాటు ఈవిడకేం తెలుసనిపించింది. లేదండీ అని ఒక్క మాట అని లేచి వచ్చేసింది. దారి పొడుగునా ఆటోలో మొహం బయటికే తిప్పుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున మామూలుకన్నా ముందు మెలకువ వచ్చి కుసుమ వంటింటి వైపు వెళ్లింది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి ఉంది. జావ ఉడుకుతోంది. ఆమె ఎడమచేతిలో నిన్న సగం వదిలేసిన పాలకోవా ముక్క ఉంది. దాన్ని వేళ్లతో చిదిపి, పొడి చేసి, విబూది చల్లినంత శ్రద్ధగా జావలో వేసి కలుపుతోంది.

"ఏంటత్తయ్యా అది?"

అచ్చాయమ్మ ఉలిక్కిపడింది గానీ దాచలేదు.

"నిన్నటి కోవా. చిటికెడంతేలే."

"రోజూనా?"

"నేను తిన్న రోజుల్లో. పఫ్ అయితే పొడి, ఐస్‌క్రీమైతే చెంచాడు తీసి దాచేదాన్ని."

"నాకు పడవని తెలుసు కదా మీకు."

"తెలుసే. కడుపుకి పడదు. చిటికెడైతే ఏం చెయ్యదులే అనుకున్నాను." ఆమె గరిట పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "అది నీ ఆశ కుసుమా. నీ నోటి కాడిది లాక్కుని రోజూ నేను తింటన్నాను. నువ్వు ఎదురుగా కూచుని చూస్తన్నావు. మా అమ్మ మమ్మల్ని అట్టా పెంచలేదు. నీకు ఇంత పెట్టేనన్న ధైర్యంతోనే నాకు మింగుడుపడేది."

కుసుమ జాకెట్టు చెయ్యి కొంచెం పైకి లాగి, మోచెయ్యి చూపించింది. కోపంతో కాదు, చెప్పడానికి వేరే దారి లేక. అచ్చాయమ్మ దగ్గరకు వచ్చి ఆ ఎర్రటి దద్దుర్ల మీద వేలు పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేసుకుంది.

"ఇది నా చేతిదా?"

కుసుమ జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది. అచ్చాయమ్మ వెళ్లి జావగిన్నె తూము దగ్గర ఒంపేసి, గిన్నె కడిగి బోర్లించింది. ఆ తర్వాత మంచం మీదకు వెళ్లి కూర్చుని, కోడల్ని పిలిచింది.

"డాక్టరమ్మకి చెప్పు. ఈ బిళ్ల తీసెయ్యమను."

కుసుమ ఎన్నో చెప్పింది. ఆస్పత్రిలో ఏమన్నారో గుర్తు చేసింది. గొట్టం మాట ఎత్తింది. మీ అబ్బాయి ఏమైపోతాడో చూడండి అంది. అచ్చాయమ్మ అన్నీ విని, కోడలి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"నా ఆకలి పోయింది. పోతే పోయింది, అది నాది. నీది తెచ్చి నాకు పోస్తన్నారు, నీకేం మిగుల్తుంది? ఇదివరకు నాలుగయ్యేసరికి ఎట్టా ఉండేదానివే నువ్వు. డబ్బాలు తీసేదానివి, మూతలేసేదానివి, నీలో నువ్వే తిట్టుకుంటా, నవ్వుకుంటా తిరిగేదానివి. పండక్కి ముందు పిల్లలా ఉండేదానివి. ఇప్పుడు నాలుగయితే డ్యూటీకి వెళ్లినట్టు వెళ్లి బేకరీ కాడ నిలబడతన్నావంట. పక్కింటోళ్లు చూసి చెప్పేరు."

అప్పుడు కుసుమకు ఏడుపొచ్చింది. తన కోరికను తిట్టుకుంది, దాని మీద యుద్ధం చేసింది, దాన్ని వదిలించుకోవడానికి ఒళ్లు అప్పగించింది. అది పోయాక సాయంత్రాలు ఇంత చప్పగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి అత్తగారు గమనించిందని ఇప్పుడే తెలిసింది.

ఫరీదా సమావేశాల కోసం హైదరాబాదు వెళ్లింది. సోమవారం తిరిగి వచ్చి బిళ్లలు తీస్తానంది, అప్పటిదాకా ఆలోచించుకోమంది. అచ్చాయమ్మ ఆలోచించుకోవడానికి ఏమీ లేదంది. ఎవరి మనసూ నొప్పించకుండా, పూటకు రెండు చెంచాల గంజి తాగి పడుకునేది. మళ్లీ బుగ్గలు లోతుకు పోవడం మొదలైంది. వీరభద్రం షిఫ్టు దిగి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా ఉండేవాడు. కుసుమ మధ్యాహ్నం భోజనం మళ్లీ తింటోంది, అత్తగారు ఒట్టు పెట్టించుకుంది కాబట్టి.

శనివారం సాయంత్రం కుసుమ డాబా మీద ఆరిన బట్టలు మడతపెడుతోంది. ముందు పొగ వాసన వచ్చినట్టయింది. ఎవరైనా ఆకులు తగలబెడుతున్నారేమోనని పిట్టగోడ మీంచి చూసింది. ఎక్కడా పొగ లేదు. వాసన ముక్కుకు కాదు, నాలిక వెనక తగులుతోంది. కాలిన మట్టి వాసన. దాని వెనకే సన్నటి తీపి, ఆ తీపి చివర కొంచెం చేదు. పళ్ల మధ్య ఏదో గట్టిగా, పిండిగా నలగాలని దవడలు లాగాయి. నోట్లో నీళ్లూరాయి. ఇన్ని వారాల తర్వాత నోట్లో నీళ్లూరాయి.

ఇదేమిటో ఆమెకు తెలియలేదు. బేకరీలో దొరికేది కాదు. పుట్టింట్లో తిన్నది కాదు. ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ తన చేతుల వంక చూసుకుంది. రెండు వేళ్లు ఒక దారాన్ని లాగుతున్నట్టు కదులుతున్నాయి. పీచు. పీచు తీస్తున్నాయి.

తేగలు.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు పెట్టింది. అనంతపురం పిల్ల, అలాంటిదొకటి ఉంటుందనే ఎరగదు. తాటిటెంకను పాతిపెడితే భూమిలోకి దిగే మొలక అది, కుండలో పెట్టి కాలుస్తారు అని చెప్పి, పీచు తీసి నోట్లో పెట్టింది. తాడు నమిలినట్టుందని కుసుమ ఉమ్మేసింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు వచ్చినా ఆమె దాని జోలికి పోలేదు.

బట్టలు అలాగే వదిలేసి కిందికి దిగింది. గది తలుపు దగ్గర ఆగి చూసింది. అచ్చాయమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు. ఆమె దవడ మెల్లగా కదులుతోంది. నోట్లో ఏమీ లేకుండానే, తనకు తెలియకుండానే, నములుతోంది.

కుసుమ వరండాలోకి వెళ్లి ఫరీదాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"మీకు తేగలంటే ఇష్టమా?" అని అడిగింది ఫరీదా.

"లేదండీ. అస్సలు."

అవతల ఫరీదా గొంతు మారింది. "అయితే అది మీది కాదు. గట్టులోంచి ఊరిందన్నమాట. ఊరాలంటే అటు పక్క నీరుండాలి కుసుమగారూ."

"ఆవిడకి చెప్పనా?"

"వద్దు. చెబితే మీకోసం తినడం మొదలుపెడతారు. వెళ్లి కొనండి. కాల్చినవే తెండి."

తేగల రోజులు దాదాపు అయిపోయాయి. జగన్నాథపురం వంతెన దగ్గర దిగి కుసుమ బుట్టలన్నీ వెతికింది. ఒకామె దగ్గర ఉడకబెట్టినవి ఉన్నాయి. కుసుమ కట్ట చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఇవి కావండీ, పొగ వాసన రావాలి అంది. ఆ మాట అంటున్నది తనేనా అని తనకే ఆశ్చర్యం వేసింది. బుట్టామె ఆమెను ఎగాదిగా చూసి, వంతెన దిగాక అవతల చివర ఒక ముసలామె కూర్చుంటుంది, ఉంటే ఆవిడ దగ్గరే ఉండాలి అంది. ఉన్నాయి. మసి అంటిన ఆఖరి కట్ట. చేతికి ఇంకా గోరువెచ్చగా తగిలింది. ఇంటికి వచ్చేదాకా కుసుమ దాన్ని కొంగులో చుట్టి ఒళ్లోనే పెట్టుకుంది. నోట్లో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. ఆ ఆశ తనది కాదు. తనది కాకపోయినా, దారి పొడుగునా దానితో కలిసి ప్రయాణం చేయడం ఆమెకు బాగుంది.

గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, లోపల మంచం కిర్రుమంది. అచ్చాయమ్మ లేచి కూర్చుని ఉంది.

"ఏం తెచ్చేవే?"

కుసుమ కట్ట తీసి మంచం మీద పెట్టింది. అచ్చాయమ్మ దాని వంకా, కోడలి వంకా చూసింది.

"ఎవరు చెప్పేరు నీకు?"

"మీరే," అంది కుసుమ.

అచ్చాయమ్మ ఒక తేగ తీసింది. మసిబారిన పైతొక్క ఒలిచి, మొనను బొటనవేలితో నొక్కి, నిలువునా రెండుగా చీల్చింది. మధ్యలో లేత మొవ్వు తీసి పక్కన పెట్టింది. అంచు వెంట పీచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇన్నాళ్లయినా చేతులు ఆ పని మరిచిపోలేదు. ముక్క తుంచి, అలవాటుగా కోడలి వైపు చాపింది. చాపాక గుర్తొచ్చినట్టుంది, చెయ్యి గాల్లో ఆగింది. వెనక్కి పోబోయింది.

కుసుమ ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇందులో పాలు లేవు అత్తయ్యా. గోధుమా లేదు."

ఆ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. అచ్చాయమ్మ ఆమె దవడలనే చూస్తూ కూర్చుంది.

"తాడు నమిలినట్టుందా?"

"అచ్చం అలాగే ఉంది," అంది కుసుమ. నములుతూనే రెండో ముక్కకు చెయ్యి చాపింది.

అచ్చాయమ్మ తేగను గబుక్కున తన వైపు లాక్కుంది.

"ఉండవే," అంది. "ముందు నన్ను తిననీ."